సద్దు మణిగిన బండి

చప్పుడుకు మన భాషలో ఉన్నన్ని పేర్లు చూస్తే మన పూర్వులు చెవులు రిక్కించి బతికినవారని తెలుస్తుంది. అలికిడి వేరు, సవ్వడి వేరు. మోత, రొద, హోరు, ఘోష ఒకదాని స్థానంలో మరొకటి ఇమడవు. కారులో నూరు కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఈ పదసంపద అంతా అక్కరకు వస్తుంది. ఇంజనుది మోత. అద్దాల అంచున గాలిది ఈల. తలుపు అతుకుల్లో పుట్టేది కిర్రు. చక్రానికీ రోడ్డుకూ మధ్య పుట్టి, నేలపలక గుండా పాదాలలోకి, అక్కడినుంచి తలలోకి ఎక్కేది హోరు. ఈ టపా ఆ హోరును అణచడానికి మనుషులు నూటయాభై ఏళ్ళకు పైగా పడిన పాట్ల గురించి.

'సద్దు' అన్నది శబ్దానికి తద్భవం. గోల తగ్గితే సద్దుమణిగిందంటాం. మణగడం అంటే అణగడం, లోపలికి కుదించుకుపోవడం. ఇంజనీర్లు డాంపింగ్ అని పిలిచేదానికి ఇంతకంటె చక్కని మాట నాకు కనబడలేదు. చప్పుడును అడ్డుకోవడం ఒకటి, పీల్చుకోవడం ఒకటి, మణచడం ఒకటి. ఈ మూడూ వేరువేరు పనులని తెలియడానికి కార్ల పరిశ్రమకు అర్ధశతాబ్దం పట్టింది. దుకాణాలలో ఇప్పటికీ ఈ మూడింటినీ కలగలిపే అమ్ముతారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొట్టమొదట నిశ్శబ్దాన్ని కోరుకున్నవాడు బండిలో కూర్చున్నవాడు కాడు, వీధి పక్క ఇంట్లో పడుకున్నవాడు. పందొమ్మిదో శతాబ్దపు లండనులో ఇనుప కమ్మీ చక్రాల బండ్లు రాతి వీధుల మీద పోతుంటే ఇంట్లో మాట వినబడేది కాదు. కలవారి ఇంట ఎవరైనా జబ్బుపడితే వాకిటి ముందు వీధిలో మందంగా ఎండుగడ్డి పరిపించేవారు. గడ్డి కనబడితే ఆ ఇంట రోగి ఉన్నాడని దారిన పోయేవారికి తెలిసేది. చప్పుడు తగ్గుతుందని కొన్ని వీధులకు రాతి బదులు చెక్క దిమ్మలు కూడా పరిచారు. వానకు అవి జారేవి, గుర్రాలు పడేవి. బయటి చప్పుడును బయటే చంపాలన్న ఆలోచన అది. తరువాతి కాలంలో ఈ ఆలోచన ఎలా తలకిందులయిందో గమనిస్తూ ఉండండి.

రాబర్ట్ విలియం థాంసన్ అనే స్కాట్లండు యువకుడు 1845లో, తన ఇరవై మూడో ఏట, గాలి నింపిన రబ్బరు చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. బండి లాగడానికి బలం తక్కువ పట్టడం, కుదుపు తగ్గడం, చప్పుడు తగ్గడం - దాని ప్రయోజనాలుగా అతడు చెప్పుకున్నవి ఈ మూడు. టైరు పుట్టుకలోనే నిశ్శబ్దం కూడా ఒక కారణమన్నమాట. 1847లో లండన్ రీజెంట్స్ పార్కులో ఆ చక్రాలతో గుర్రపుబండిని నడిపి చూపించారు. కాని రబ్బరు ఖరీదు, పనితనం ఖరీదు, గిరాకీ లేదు. నలభై ఏళ్ళు గడిచాక 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్, కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్ళీ అదే కనిపెట్టాడు. థాంసన్ పేటెంటు సంగతి బయటపడి డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది గాని, పేరు మాత్రం డన్‌లప్‌కే మిగిలింది. థాంసన్ ఆ తర్వాత దిట్టమైన గట్టి రబ్బరు తొడిగిన ఆవిరి బండ్లు చేశాడు. 1870ల మొదట్లో క్రాంప్టన్ అనే సైనికాధికారి వాటిని మన దేశానికి తెప్పించి రావల్పిండి వైపు రోడ్ల మీద సరుకులు లాగించాడు. రైలు రాని చోట రైలు పని చేయించాలని ఆశ.

మోటారు కారు వచ్చాక బండిలోనివాడికీ చెవులున్నాయని గుర్తొచ్చింది. చార్లెస్ యేల్ నైట్ అనే అమెరికను పత్రికాముద్రాపకుడు 1901 ప్రాంతాల ఒక నాక్స్ కారు కొని, దాని వాల్వుల టకటక భరించలేక, వాల్వులే లేకుండా జారే గొట్టాలతో నడిచే ఇంజను రూపొందించాడు. బ్రిటిషు డైమ్లరు కంపెనీ 1908లో దాన్ని స్వీకరించింది. 'సైలెంట్ నైట్' అని దానికి పేరు. నూనె తెగ తాగేది, వెనక నీలిపొగ వదిలేది. అయినా రాజుగారి వాహనశాలలో దానికి చోటు దొరికింది. చప్పుడు చేయని బండి హోదాకు గుర్తు అయిపోయింది. అదే కాలంలో, 1907లో, రోల్స్‌రాయిస్ వారి క్లాడ్ జాన్సన్ ఒక కారుకు వెండి రంగు వేయించి సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టాడు. వెండి దయ్యం. అడుగుల చప్పుడు లేకుండా వచ్చేది దయ్యమే కదా.

ఆ దయ్యాలలో ఒకటి మన హైదరాబాదులోనే ఉంది. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా 1911లో ఆజ్ఞాపించి చేయించుకున్నది. అది చేతికందకముందే ఆయన కన్నుమూశాడు. లండనులో బార్కర్ కంపెనీ పసుపుపచ్చని దేహం కట్టిన ఆ సింహాసనపు కారు ఏడవ నిజాముకు చెందింది. ఉత్సవాలకు తప్ప బయటికి తీయకపోవడంతో అది తిరిగింది కొన్ని వందల మైళ్ళే. చౌమహల్లా ప్యాలెస్ చూడబోయినవారు దాని ముందు ఆగి ఫొటో తీసుకునే ఉంటారు.

ఇంజను సద్దుమణిగేసరికి దాని వెనక దాక్కున్న చప్పుళ్ళు బయటపడ్డాయి. ఈ చరిత్ర అంతా ఇదే తంతు. ఒక చప్పుడును చంపితే దాని కింద మరొకటి లేస్తుంది. 1920లలో లేచింది చెక్క కిర్రు. కారు దేహమంటే అప్పటికింకా చెక్క చట్రం, పైన రేకు. గతుకుల్లో చట్రం మెలితిరుగుతుంటే అతుకులు ఒకదానితో ఒకటి రాసుకునేవి. దీనికి మందు కనిపెట్టినవాడి జీవితం ఒక నవలకు సరిపోతుంది. చార్లెస్ వైమన్ 1889లో హైతీలో పుట్టాడు, విమానం నడిపాడు, 1911లో అమెరికా పక్షాన గోర్డన్ బెనెట్ విమానాల పందెం గెలిచాడు. అప్పటి విమానాలంటే తేలికైన చెక్క బద్దలు, పైన గుడ్డ. అదే కూర్పును నేల మీదికి తెచ్చాడు. చెక్కకు చెక్క ఎక్కడా తగలకూడదు - సూత్రం అంతే. బద్దల మధ్య సందు వదిలి, ఉక్కు పట్టీలతో కలిపి, పైన రేకు బదులు తోలుగుడ్డ తొడిగాడు. చట్రం వంగేది, మెలితిరిగేది, కిమ్మనేది కాదు. రేకే లేదు కనుక రేకు మోతా లేదు. ఫ్రాన్సు, ఇంగ్లండు, అమెరికాలలో పదేళ్ళపాటు వైమన్ దేహాలదే రాజ్యం.

అది ఎందుకు పోయిందన్నది నాకు అన్నిటికన్న ఆసక్తి కలిగించే విషయం. చప్పుడు కోసం పోలేదు. గుడ్డ మీద రంగు మెరవదు. 1930లు వచ్చేసరికి జనానికి అద్దంలా మెరిసే ఒంపుల రేకు కావాలి, కర్మాగారాలకు ఒక్క దెబ్బతో అచ్చొత్తగల రేకు కావాలి. నిశ్శబ్దమైన గుడ్డ బండి ఓడి, మోగే ఉక్కు బండి గెలిచింది. ఆ తర్వాత తొంభై ఏళ్ళుగా ఆ ఉక్కు నోరు మూయించడానికి డబ్బు పోస్తున్నాం.

ఉక్కు రేకు మోగడమంటే ఏమిటో గుడిగంట చెబుతుంది. గంట కొట్టి వదిలేస్తే చాలాసేపు మోగుతుంది. కొట్టిన వెంటనే అరచెయ్యి ఆనిస్తే చప్పున ఆగుతుంది. చెయ్యి చప్పుడుకు అడ్డం వెళ్ళలేదు. గంటతోపాటు ఊగి, మెత్తని కండరాలలో ఆ ఊపును వేడిగా మార్చేసింది. కారు పైకప్పు ఒక పెద్ద పళ్ళెం వంటిది. 1935 మోడళ్ళకు జనరల్ మోటార్స్ వారు అతుకులేని ఉక్కు పైకప్పు తెచ్చేదాకా చాలా కార్లకు నడినెత్తిన గుడ్డే ఉండేది. అంత వెడల్పు రేకు సాగదీసే మరలు లేకపోవడం ఒక కారణం, రేకు తప్పెటలా మోగుతుందన్న భయం ఇంకొకటి. అందుకే రేకుల లోపలివైపు తారు పట్టించిన ఫెల్టు అంటించడం మొదలైంది. 1931లో క్రైస్లరు వారు ప్లిమత్ కారులో ఇంజనును రబ్బరు దిమ్మల మీద తేల్చి, దాని వణుకు దేహంలోకి పాకకుండా చేశారు. ఆ పద్ధతిని సిట్రాయెన్ కొనుక్కుని, ప్రకటనలలో ఈదే హంస బొమ్మ వేసుకుంది. 1930 నుంచి కారులో రేడియో కూడా చేరింది కనుక నిశ్శబ్దం ఒక వాడుక వస్తువయింది. పాట వినబడాలి కదా.

ఆ ఫెల్టు సంగతి ఒక మాట. ఇంగ్లండు యార్క్‌షైరులోని బాట్లీ ఊళ్ళో 1813 ప్రాంతాన బెంజమిన్ లా అనేవాడు పాత ఉన్ని బట్టలను చీల్చి పీచు చేసి, మళ్ళీ బట్ట నేశాడు. దాన్ని షాడీ అన్నారు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు అంటగట్టిన అటువంటి బట్టలు ఇట్టే చిరిగిపోవడంతో ఆ మాటకు నాసిరకం అనే అర్థం స్థిరపడింది. అదే షాడీ, పాత గుడ్డల పీచును అట్టలా ఒత్తి చేసింది, ఇప్పటికీ కార్ల తివాచీ కింద ఉంటుంది. జనపనార ఫెల్టు కూడా. లక్షల రూపాయల కారులో అరికాలి కింద ఉండేది ఎవరో విడిచిన చొక్కాల పీచు. ధ్వనిని పీల్చడంలో దానికి సాటి రాగలవి తక్కువ.

తారు అట్ట ఎందుకు పనిచేస్తుందో లెక్క కట్టినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఓబర్స్ట్. 1952లో తన సహచరుడు ఫ్రాంకెన్‌ఫెల్డ్‌తో కలిసి, రేకు మీద జిగట పొర ఉంటే రేకు వంగినప్పుడల్లా ఆ పొర సాగుతుందనీ, సాగిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుందనీ సూత్రీకరించాడు. ప్రయోగశాలలలో పట్టీ మీద పొర అంటించి చేసే పరీక్షకు ఇప్పటికీ ఆయన పేరే. 1959లో అమెరికాలో ఎడ్వర్డ్ కెర్విన్ ఇంకొక మెట్టు ఎక్కాడు. జిగట పొర మీద పలచని లోహపు రేకు ఒకటి అంటిస్తే, కింద ఉక్కు, పైన రేకు, నడుమ ఇరుక్కున్న జిగట వడ్డించిన రోటిపచ్చడిలా అటూ ఇటూ నలుగుతుంది. సాగడంకన్నా నలగడంలో శక్తి ఎక్కువ ఖర్చవుతుంది. ఇవాళ దుకాణాలలో అమ్మే, ఒకవైపు అల్యూమినియం మెరుపూ మరొకవైపు బ్యూటైల్ రబ్బరు జిగురూ ఉన్న అట్టలు ఇవే. బ్యూటైల్ 1937లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ రసాయనవేత్తలు కనిపెట్టినది. గాలి చొరనివ్వదని టైర్ల ట్యూబులకు వాడేవారు. దాని బద్ధకం, అంటే నొక్కితే వెంటనే తిరిగి లేవని గుణం, ఇక్కడ అక్కరకొచ్చింది. వీటిని చిల్లరగా ఇంటివారికి అమ్మినవారు మాత్రం కార్ల కంపెనీలు కాదు. 1980, 90 దశకాలలో కారులో పెద్ద స్పీకర్లు బిగించుకుని, తలుపు రేకులు గిజగిజలాడుతుంటే విసిగిన సంగీతప్రియులు ఆ బేరానికి మూలం.

సంగీతమంటే గుర్తొచ్చింది. మృదంగం ఎడమ మూతకు కచేరీ ముందు రవ్వముద్ద తడిపి అంటిస్తారు. కుడివైపు నల్లని మందు శాశ్వతంగా ఉంటుంది. తోలు మీద బరువు పెట్టి దాని ఊపును మలచడమే అదీ. ఆ నల్ల మచ్చ వల్ల మన తాళవాద్యాల అనుస్వరాలు శ్రుతిబద్ధం అవుతాయని సి.వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి నేచర్ పత్రికలో రాశాడు. ముద్ద అంటించి మోతకు శ్రుతి కూర్చడం అది, ముద్ద అంటించి మోతను చంపడం ఇది.

1958లో డేవిడ్ ఒగిల్వీ రోల్స్‌రాయిస్ కోసం రాసిన ప్రకటన జగత్ప్రసిద్ధం. అరవై మైళ్ళ వేగంలో ఈ కారులో అన్నిటికన్నా పెద్ద చప్పుడు దాని విద్యుత్తు గడియారానిదేనని దాని సారాంశం. ఆ గడియారం సంగతేదో చూడాలని కంపెనీ ఇంజనీరు ఒకడు నిట్టూర్చాడని చెబుతారు. పాతికేళ్ళ క్రితమే, 1933లో, పియర్స్ ఆరో కారుకు దాదాపు ఇదే గడియారంతో ప్రకటన వచ్చిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. కవుల మధ్యే కాదు, వ్యాపారుల మధ్య కూడా భావసామ్యాలుంటాయి.

ఈలోగా కారు నిర్మాణమే మారిపోయింది. విడిగా చట్రం, దాని మీద రబ్బరు దిమ్మలతో దేహం ఉన్నన్నాళ్ళు రోడ్డు వణుకు దేహానికి చేరేలోపు కొంత అణగేది. 1934 సిట్రాయెన్ వంటి చట్రం లేని కార్లు వచ్చాక చక్రం వణికితే కారంతా ఒకే పెట్టెగా వణికింది. 1957-58 నుంచి 2014 దాకా మన రోడ్లేలిన అంబాసిడరూ ఆ జాతిదే. ఈ పెట్టెను మూలానికి వెళ్ళి మందు వేసి కుదిర్చినవారిలో లెక్సస్ ఇంజనీరు ఇచిరో సుజుకిని ముందు చెప్పాలి. 1989 నాటి ఎల్ఎస్ 400 కారుకు నూరు కిలోమీటర్ల వేగంలో లోపల 58 డెసిబెళ్ళే ఉండాలని గురి పెట్టాడు. అట్టలు అంటిస్తే బరువు, బరువు పెరిగితే పెట్రోలు. అందుకని చప్పుడు పుట్టేచోటే పుట్టనివ్వకూడదని పట్టుబట్టాడు. ఇంజనుకూ లోపలికీ మధ్య గోడను రెండు ఉక్కు రేకుల నడుమ జిగట పొర పెట్టిన పలకతో కట్టించాడు. కెర్విన్ సూత్రాన్ని అంటించకుండా రేకులోనే నేసేశాడన్నమాట.

ఇక దుకాణం సంగతి. కారు తలుపు రేకు 0.8 మిల్లీమీటర్లనుకోండి, చదరపు మీటరుకు సుమారు 6.3 కిలోలు. దాని మీద మూడు కిలోల అట్ట అంటిస్తే, బరువు రెట్టింపయితే ఆరు డెసిబెళ్ళు తగ్గుతుందన్న పాత సూత్రం ప్రకారం, సుమారు 3.4 డెసిబెళ్ళ అడ్డు దక్కుతుంది. అంత బరువుకు అది పెద్ద లాభం కాదు. అట్ట చేసే అసలు పని రేకు మోగకుండా మణచడం, దానికి రేకంతా కప్పనక్కరలేదు. ఊగే నడిభాగంలో పావువంతో, మూడోవంతో అంటిస్తే చాలు. వేలిమెటికతో కొట్టి చూస్తే ఠంగుమన్నది దబ్బుమంటుంది. అంతకు మించి అంటించేది దుకాణం లాభానికి. సుమారు 650 కిలోల మారుతి 800కు నలభై కిలోల అట్టలు మోయించినవారిని ఎరుగుదును. చవకరకం తారు అట్టలు ఇంకా ప్రమాదం. మన ఎండలో నిలబెట్టిన కారు రేకు అరవై డిగ్రీలు దాటేసరికి అవి మెత్తబడి జారుతాయి, కారంతా తారు కంపు. తలుపు రబ్బరు బీడింగు అరిగి, గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు సందు ఏర్పడినా, గోడ ఎంత మందమైనా ఇరవై డెసిబెళ్ళను మించి ఆపలేదు. ముందు మార్చవలసింది బీడింగు.

నేను ఈ లెక్కలన్నీ చదివింది మా అమ్మ కోసం. ఆమె చెవికి యంత్రం పెట్టుకుంటుంది. హైదరాబాదు నుంచి విజయవాడ పోయేటప్పుడు చౌటుప్పల్ రాకముందే దాన్ని తీసి పర్సులో పెట్టేసేది. "హోరే వినబడుతోంది నాయనా, మీ మాటలు కాదు" అనేది. ముందు సీటులో మేము నవ్వుకుంటుంటే ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది, నందిగామ దాకా. వయసుతో మొదట పోయేది హెచ్చు స్వరాల వినికిడి. స, ష, త, ప వంటి హల్లుల ఉనికి అక్కడే. రోడ్డు హోరు తగ్గు స్వరం. తగ్గు స్వరపు మోతకు తన పైనున్న స్వరాలను కప్పివేసే గుణం ఉంది. మనది అజంత భాష, మాట చివర అచ్చు నిలుస్తుంది. ఆ అచ్చులు ఆమెకు చేరేవి, హల్లులు దారిలో రాలిపోయేవి. మిగిలేది అర్థం లేని ఆ ఇ ఉల వరస.

వెనక చక్రాల గూళ్ళలో అట్టలు, వాటి మీద ఫెల్టు, నాలుగు తలుపులకు కొత్త బీడింగు, మెత్తని రకం టైర్లు - ఇంతే చేయించాను. కారంతా చుట్టేద్దాం సార్ అన్న దుకాణదారు మాట వినలేదు. పోయినసారి ఆమె చెవియంత్రం సూర్యాపేట దాకా ఉంచుకుంది. కొత్తగా వేసిన నున్నని తారు మీద బాగానే ఉంది, గరుకు కాంక్రీటు ముక్క వచ్చేసరికి తీసేసింది.

ఆ మిగిలిన హోరుకు అట్టలు, స్పాంజీలు సరిపోవు, దానికి కారణముంది. స్పాంజి చప్పుడును బాగా పీల్చాలంటే దాని మందం ఆ ధ్వని తరంగంలో నాలుగో వంతు ఉండాలి. వంద హెర్ట్జుల తరంగం 3.4 మీటర్లు. నాలుగో వంతంటే 85 సెంటీమీటర్ల స్పాంజి. మనుషులు కూర్చునే చోటు ఉండదు. టైరు లోపల చుట్టూ తిరిగే గాలి వలయానికి కూడా తనదైన శ్రుతి ఒకటుంది, సుమారు రెండు వందల హెర్ట్జులు. కాంటినెంటల్ వంటి కంపెనీలు 2013 ప్రాంతం నుంచి టైరు లోపలే స్పాంజి పట్టీ అంటించి ఆ శ్రుతిని అణచుతున్నాయి. అంతకన్న కింది హోరుకు మందు ధ్వనే. పాల్ లూగ్ అనే జర్మన్ 1930లలోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. చప్పుడుకు సరిగ్గా తలకిందులైన చప్పుడు పలికిస్తే రెండూ కలిసి సున్నా అవుతాయన్నది ఆలోచన. చేయడానికి తగిన వేగం గల యంత్రాలు అప్పుడు లేవు. 2000లో హోండా జపానులో అమ్మిన అకార్డ్ వాగన్ కారులో స్పీకర్లతో రోడ్డు హోరుకు ఈ చికిత్స మొదలుపెట్టింది. హ్యూండాయ్ జెనెసిస్ 2020లో చక్రాల దగ్గర వణుకును ముందే పసిగట్టి, హోరు చెవికి చేరేలోపే ప్రతిధ్వనిని సిద్ధం చేసే ఏర్పాటు తెచ్చింది.

ఈ ఖర్చంతా లోపలి చెవి కోసమే. నలభై, యాభై కిలోమీటర్ల వేగం దాటిన కారు వీధిలోకి వదిలే చప్పుడులో సింహభాగం టైరుదే. లోపల అంటించిన అట్టలు దానిలో ఒక్క డెసిబెలు కూడా తగ్గించవు. రహదారి పక్క ఊళ్ళలో ఇంటి ముందు ఎండుగడ్డి పరిచేవారూ లేరు.

ఇంతలో విద్యుత్తు కార్లు వచ్చి ఇంజను మోతను పూర్తిగా తీసేశాయి, చక్రాల హోరు ఒంటరిగా మిగిలింది. మెల్లగా పోయేటప్పుడు అదీ లేదు. వీధి దాటే అంధులకు బండి వస్తున్న అలికిడి తెలియకుండా పోయింది. అంధుల సంఘాలు పోరాడితే అమెరికాలో 2011 జనవరిలో చట్టం అయింది. ఐక్యరాజ్యసమితి నియమం 2016లో వచ్చింది, ఐరోపాలో 2019 జులై నుంచి కొత్త నమూనాలకు అమలయింది. మెల్లగా పోయే విద్యుత్తు కారు స్పీకరు పెట్టి మరీ చప్పుడు చేయాలి. ఐరోపా నియమం ప్రకారం ఇరవై కిలోమీటర్ల వేగం దాకా చేస్తే చాలు. అది దాటాక చక్రాల హోరు తనంతట తానే వినబడుతుంది.